విరిగిన పన్ను

సర్వో బాగుందో లేదో వేలికి తెలుస్తుంది. కరెంటు ఇవ్వకుండా, నెత్తిన ఉన్న తెల్ల చేతిని పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పాలి. మంచిదైతే ఒకే తీరుగా కదులుతుంది. లోపల గేరు పన్ను విరిగి ఉంటే, అన్నంలో రాయి పంటికి తగిలినట్టు ఒకచోట తట్టుకుంటుంది. ఆ చోటు దాటితే మళ్ళీ మామూలే. తొందరలో తిప్పేవాడికి అది తెలియదు.

2014 మే నెలలో ఒక ఆదివారం ఉదయం అలాంటి సర్వో ఒకటి నా వేళ్ళ మధ్య తట్టుకుంది. నాకు తెలిసింది. తెలిసే దాన్ని మా మేనల్లుడి విమానానికి బిగించాను. పదేళ్ళకు పైగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

రేడియోతో ఎగిరే చిన్న విమానాల సంగతి తెలియనివారికి ఇంత చెబితే చాలు. చేతిలో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది, విమానంలో రిసీవర్ ఉంటుంది. రిసీవర్ చెప్పినంత మేర తోక రెక్కనో, రెక్క చివరి మడతనో సన్నటి కడ్డీతో లాగేది సర్వో. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. తొమ్మిది గ్రాముల బరువు. అందులో చిన్న మోటారు, నాలుగైదు ప్లాస్టిక్ గేర్లు, చేయి ఎంత తిరిగిందో కొలిచే ఒక పొటెన్షియోమీటర్. తోకకున్న ఎలివేటర్ సర్వో ఆగిపోయిందా, ముక్కు పైకెత్తే దారి ఇక లేదు.

హైదరాబాద్‌లో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరాను. అప్పుడు పట్టుకుంది ఈ పిచ్చి. మేం మొదట ఎగరేసినవి రేడియో విమానాలు కావు, తీగ విమానాలు. మధ్యలో మనిషి నిలబడి తీగలు పట్టుకుంటే విమానం చుట్టూ గింగిరాలు కొడుతుంది. ప్రతి క్యాంపులో కనీసం రెండు నేలకు గుద్దుకునేవి. అప్పుడు నేర్పిన మొదటి పాఠం ఎగరేయడం కాదు, ఏరడం. కూలిన చోట చాప పరిచినట్టు వెతికి, గోరంత పుల్లను కూడా వదలకుండా తేవాలి. బాల్సా చెక్క విరిగినప్పుడు దాని అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి. వాటిని గీకి చదును చేయకుండా ఉంటే ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. పల్చటి సూపర్ గ్లూ చుక్క వేస్తే ఆ సందుల్లోకి పాకి, అతుకు పక్క చెక్క కంటే గట్టిగా నిలుస్తుంది. చదును చేసినవాడికి ముక్క పొట్టిదవుతుంది, రెక్క వంకరపోతుంది.

ఆ పాఠం నా ఒంటికి పట్టింది. ఎంతగా పట్టిందంటే, ఏదీ పారేయలేని మనిషినయ్యాను.

ఉద్యోగం వచ్చి విజయవాడలో స్థిరపడ్డాక, నలభై దాటాక, మళ్ళీ మొదలుపెట్టాను. మన ఊళ్ళలో ఈ హాబీకి స్పేర్లు దొరకడం అప్పుడూ కష్టమే, ఇప్పుడూ కష్టమే. కంపెనీ పేరు చెప్పి అడిగితే ఎవరూ ఇవ్వలేరు. ఆ వస్తువుకు ఇంకో పేరు ఏముందో తెలుసుకుని అడగాలి. నా దగ్గర 7.5 సీసీ గ్లో ఇంజిన్ ఒకటి ఉంది. 0.46 ఘనపుటంగుళం కనుక హాబీవాళ్ళు 46 అంటారు. దాని ఇంధనం పెట్రోలు కాదు. మిథనాల్, నూనె, కాస్త నైట్రోమీథేన్ కలిపిన ద్రవం. మిథనాల్ తేమను పీల్చుకుంటుంది. అందుకే సాయంత్రం ఇంటికి వచ్చేముందు ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపి, లోపల రెండు చుక్కల నూనె పోసి, చేత్తో తిప్పి పెట్టాలి. ఒక వానాకాలం నేను ఆ పని చేయలేదు. దసరాకు తీసి చూస్తే ప్రొపెల్లర్ తిప్పినప్పుడల్లా ఇసుక నమిలిన చప్పుడు. బేరింగులు తుప్పు పట్టాయి.

ఇంజిన్ విప్పి, కడిగి, ఒట్టి అల్యూమినియం పెట్టెను ఓవెన్‌లో 150 డిగ్రీల దాకా వేడి చేశాను. ఉక్కు కంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి, చెక్క మీద తట్టగానే బేరింగు దానంతట అదే జారి పడింది. ముందు బేరింగు అంచున 607 అనే అంకె ఉంది. లోపలి రంధ్రం 7 మిల్లీమీటర్లు, బయట 19, మందం 6. ఏ దేశంలోనైనా ఆ అంకెకు ఆ కొలతలే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగుల కొట్టుకు వెళ్ళి 607 అన్నాను. విమానానికని చెప్పే అవసరమే రాలేదు. కొట్టతను అరుగు మీద కాగితం పొట్లం పెట్టాడు. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది. అలాగే ప్రొపెల్లర్ వెనక ఉండే అల్యూమినియం బిళ్ళ అరిగిపోతే ఆటోనగర్‌లో లేత్ మేస్త్రీ పదిహేను నిమిషాల్లో తిప్పి ఇచ్చాడు. వైర్లు, కనెక్టర్లు కోఠిలోని గుజరాతీ గల్లీలో తెచ్చుకునేవాణ్ణి.

బాల్సా మాత్రం మన దగ్గర పెద్దగా పండేది కాదు. చాలా మటుకు ఈక్వడార్ నుంచి రావాలి. 2020 ప్రాంతంలో గాలిమరల రెక్కల లోపలి పొరకు ప్రపంచమంతా అదే చెక్కను ఎగబడి కొనడంతో ధర పెరిగి, మాబోటివాళ్ళకు దొరకడమే గగనమైంది. ఆ రోజుల్లో కొండపల్లికి వెళ్ళాను. బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర కూడా మెత్తనిది, తేలికైనది. అక్కడివాళ్ళు దాన్ని సన్నటి సెగ మీద కాచి తడి పోగొడతారు, చింతగింజల పిండి కలిపిన ముద్దతో ముక్కలు అతుకుతారు. ఒక దుంగ ముక్క అడిగి తెచ్చి రెక్క కొసను చెక్కాను. కత్తి కింద వెన్నలా లేచింది. బాల్సా అంత తేలిక మాత్రం కాదు. రెక్క కొసకు ఫరవాలేదు, తోకకు పనికిరాదు. తోక పొడుగ్గా వెనక్కి ఉంటుంది కనుక అక్కడ పెరిగిన ఒక్క గ్రాముకు ముక్కులో రెండు మూడు గ్రాముల సీసం కలపాలి. అతుకులు పెరిగేకొద్దీ విమానం వెనక్కి బరువెక్కుతుంది. బరువు కేంద్రం రెక్క వెడల్పులో ముందు నుంచి నాలుగో వంతు, మూడో వంతు మధ్యలో ఉండాలి. వెనక్కి పోయిన విమానం మాట వినదు.

ఇవన్నీ నాకు బాగా తెలుసు. ఇంత తెలిసినవాడి చేత తప్పు చేయించింది తెలియనితనం కాదు.

ఆ వేసవిలో మా చెల్లెలి కొడుకు సెలవులకు వచ్చాడు. పదిహేనేళ్ళు. ఫోమ్ షీటుతో మీటరు రెక్కల విమానం వాడే కోసుకున్నాడు, నేను చూస్తూ నిలబడ్డాను. ఎ2212 మోటారు, 2200 బ్యాటరీ, నాలుగు సర్వోలు. పది రోజుల్లో వాడి వేళ్ళకు అలవాటైంది. మైలవరం వైపు ఎండిన చెరువు ఒకటి మాకు మైదానం. కోతలయ్యాక పొలాలు ఖాళీ కదా అనుకుంటారు గానీ, మా డెల్టాలో వరి కోయకముందే మినుము చల్లేస్తారు. మొలక మీద విమానం దించితే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. అందుకని అంత దూరం.

శనివారం దిగేటప్పుడు తోక తుమ్మచెట్టుకు తగిలి ఎలివేటర్ సర్వో పోయింది. కొత్తది రెండు వందల లోపే. తెప్పిస్తే కొరియర్‌లో నాలుగు రోజులు. సోమవారం రాత్రి వాడి రైలు. గేర్ల సెట్టు ఒక్కటి ఉన్నా పది నిమిషాల్లో మార్చేవాణ్ణి, అదీ అయిపోయింది. "మావయ్యా, నీ డబ్బాలో ఉంటుందిగా" అన్నాడు. వాడికి నా బిస్కెట్ డబ్బా మీద గుడి హుండీ మీద ఉన్నంత నమ్మకం. పాత విమానాల నుంచి పీకిన సర్వోలు అందులో ఆ రోజుకు మూడే మిగిలాయి. తీసిన మొదటిదే తట్టుకుంది. మరొకటి తీస్తే దాని వైరు తెగి ఉంది. మూడోది కదలనే లేదు. మొదటిదాన్ని రిసీవర్‌కు తగిలించి చూస్తే చక్కగా తిరిగింది. బల్ల మీద తిరుగుతుంది, నాకు తెలుసు. గాలి ఒత్తిడి ఎలివేటర్ మీద పడినప్పుడు ఆ విరిగిన పన్ను దగ్గర ఏమవుతుందో కూడా తెలుసు. వాడు నా ముఖం చూస్తున్నాడు. "ఉందిరా" అన్నాను.

చాలా ఏళ్ళు ఆ మాటకు నేను చెప్పుకున్న కారణం రైలు టైము. పిల్లాడు నిరాశపడకూడదని కదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు నిజంగా ఆలోచిస్తే అది కాదు. నా డబ్బాలో లేదు అనే మాట నా నోటి నుంచి రాలేదు, అంతే. రాణిగంజ్‌లో 607 దొరికినప్పుడు కలిగిన ఆ గర్వమే ఇక్కడ కూడా పనిచేసింది. కొట్టుతో పనిలేని మనిషిని అని వాడి ముందు అనిపించుకోవాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీని నేను ఒక్క రోజు ఇంట్లో ఉంచను, మంటంటే భయం కనుక. చెడ్డ సర్వో ఎవరినీ భయపెట్టదు. అందుకే ఏళ్ళ తరబడి డబ్బాలో ఉండిపోయింది.

ఆదివారం సాయంత్రం మూడు చుట్లు బాగా తిప్పాడు. నాలుగో చుట్టులో చెరువు అవతలి గట్టు నుంచి కొంచెం దించుకుంటూ వచ్చాడు. వేగం పెరిగింది. లేపాలి. లేవలేదు. ముక్కుతో నేలలోకి వెళ్ళింది. వాడు ట్రాన్స్‌మిటర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను పరుగెత్తి ముందు తోక దగ్గరికి వెళ్ళాను. సర్వో చేయి సగంలో బిగుసుకుని ఉంది. వేలితో తోశాను, టక్కుమంది. ఆ చప్పుడు వాడికి వినపడే దూరం కాదు. రెండు స్క్రూలు విప్పి సర్వోను చొక్కా జేబులో వేసుకున్నాను. ఎప్పుడూ ప్రతి పుల్లా ఏరాలని చెప్పిన మనిషిని, ఆ రోజు ఒక ముక్కను దాచాను.

"నేను లేటుగా లాగానా మావయ్యా?" అన్నాడు వచ్చి.

"కొంచెం లేటయింది నాన్నా. అలవాటవుతుందిలే" అన్నాను. ఎంత ప్రేమగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

వాడు మళ్ళీ ఎగరేయలేదు. తర్వాతి వేసవికి వచ్చినా డబ్బా ముట్టుకోలేదు. చదువు, పరీక్షలు, ఉద్యోగం. దానికి కారణం ఆ ఒక్క సాయంత్రమే అని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను.

2022 ఫిబ్రవరిలో విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. విడి భాగాలకు అడ్డు లేదు. ఆ తర్వాత సొంతంగా కట్టుకునే కుర్రాళ్ళు స్పేర్ల కోసం నా దగ్గరికి రావడం ఎక్కువైంది. పోయిన ఏడాది ఒక అబ్బాయి వచ్చి, ఎలివేటర్‌కు సర్వో ఉందా అంకుల్ అన్నాడు. డబ్బాలో చేయి పెట్టాను. వేళ్ళకు తగిలింది ఆ నీలం సర్వోనే. విమానం నుంచి విప్పినప్పుడు పారేయలేదు, విరగ్గొట్టలేదు, కనీసం మీద ఇంటూ గుర్తయినా పెట్టలేదు. మంచివాటి మధ్యలోనే ఉంది. ఆ అబ్బాయికి ఏమీ ఇవ్వకుండా పంపించాను. ఆ రాత్రి డబ్బా బోర్లించి ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఐదు చెడ్డవి. నాలుగింటికి వైర్లు కత్తిరించాను. ఐదోదాన్ని పక్కన పెట్టాను.

సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు. భోజనాలకు ముందు వాణ్ణి బల్ల దగ్గరికి పిలిచి సర్వో అరచేతిలో పెట్టాను. "తిప్పు" అన్నాను. తిప్పాడు. ఆ చోటికి వచ్చేసరికి వాడి వేలు ఆగింది. అప్పుడు చెప్పాను, మొదటి నుంచి.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు స్టిక్ పూర్తిగా లాగానా, సగమే లాగానా అని ఎన్నిసార్లు అనుకున్నానో మావయ్యా" అన్నాడు. గొంతులో కోపం ఉందో లేదో నాకు అందలేదు. "పూర్తిగానే లాగి ఉంటావు" అన్నాను. "ఉంటానేమో" అన్నాడు.

లోపలి నుంచి మా చెల్లెలు రెండుసార్లు పిలిచింది. వాడు చిన్న స్క్రూడ్రైవర్ అడిగాడు. సర్వో కింద నాలుగు పొడుగు స్క్రూలు విప్పి, పై మూత తీసి, గేర్లను వరసగా కాగితం మీద పెట్టాడు. రెండో గేరును రెండు వేళ్ళతో పట్టుకుని కిటికీ వెలుగులోకి ఎత్తాడు. ఒక పన్ను సగానికి లేదు. దాన్ని నా వైపు తిప్పి పట్టుకున్నాడు, నేనింకా చూడలేదేమో అన్నట్టు.