గరుడ నామ నిరుక్తి

తిరుమల బ్రహ్మోత్సవములలో అయిదవనాటి రాత్రి శ్రీమలయప్పస్వామి గరుడవాహనారూఢుడై వేంచేయునపుడు మాడవీథులు గోవిందనామముతో మారుమ్రోగును. ఆ వాహనమునకు గరుడుడను పేరెట్లు వచ్చినదని విచారించుట భక్తికి భంగము కాదు. నిరుక్తము వేదాంగములలో నొకటి గదా!

వైనతేయుడనగా వినతాదేవి కుమారుడు. సుపర్ణుడనగా చక్కని రెక్కలు గలవాడు. ఇవి సులభములు. చిక్కెల్ల గరుడ శబ్దమునందే యున్నది. గరుత్తులతో, అనగా రెక్కలతో, ఎగురువాడు గరుడుడని కొందరు వ్యాఖ్యాతలు. ఉణాది ప్రక్రియ ననుసరించి, మ్రింగుట యను నర్థముగల 'గౄ' ధాతువునుండి యీ పదము పుట్టినది. సర్పములు ఆహారముగా గలవానికి ఇది తగిన పేరే. అయినను, 'మ్రింగువాడు' అను నామము స్వామివాహనమునకు శోభించునా యని భక్తునకు సంశయము కలుగవచ్చును.

మహాభారతము ఆదిపర్వమున మరియొక నిర్వచనము కలదు. వినత దాస్యవిముక్తికై అమృతము తేబోవుచు, ఆకలిగొన్న గరుడుడు ఏనుగును తాబేలును గోళ్ళ నిరికించుకొని ఒక మహావటవృక్షముపై వ్రాలెను. కొమ్మ విరిగినది. దానికి వాలఖిల్య మహర్షులు తలక్రిందులుగా వ్రేలాడుచు తపస్సు చేయుచుండిరి. కొమ్మ నేలబడిన మునులు నశింతురు. గరుడుడు దానిని ముక్కున కరచిపట్టి, దింపుటకు చోటుగానక, గంధమాదనమునందున్న తండ్రి కశ్యపుని చేరువరకు ఎగురుచునే యుండెను. గురుభారము మోసి యెగిరినవాడు గనుక గరుడుడని ఋషులు పేరిడిరి. 'గురు' శబ్దము 'గరు' అగుటను వ్యాకర్తలు సులభముగా నంగీకరింపకపోవచ్చును; కాని కథలోని సొగసు గమనింపదగినది. మ్రింగుటకై పుట్టిన నోరు, ఆహారము గోళ్ళలో నుండగనే, మునులకొరకు మ్రింగుట మానినది! ధాతువు చెప్పునది ఆ పక్షి స్వభావము; ఋషులు చెప్పినది ఆతడు దయచే సంపాదించుకొన్న పేరు.

ఇంతటితో ఆగలేదు. స్వర్గమునుండి అమృతభాండము తెచ్చునపుడును ఆతడొక్క చుక్కయైన త్రావలేదు. ఆ నిర్లోభమునకే శ్రీమన్నారాయణుడు సంతసించి వరము కోరుమనెను. గరుడుడు స్వామికంటె పైన నుండవలెనని కోరెను, తానును వరమిచ్చెదననెను. స్వామి వానిని తనకు వాహనము కమ్మని యడిగి, ధ్వజముపై నిలిపి పైస్థానము నొసగెను. బ్రహ్మోత్సవారంభమున ధ్వజస్తంభముపై కెక్కు పటమున నున్నది ఆ గరుడుడే.