ఇచ్చే చేతికే సిగ్గుండాలి

 

దానం గురించిన వీడియోలో ఒక విషయం సగంలో వదిలేశాను. కెమెరా ముందు చెప్పడానికి మొహం చెల్లలేదు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మా మధిరలో ఒక శ్రీరామనవమి. కల్యాణం అయ్యాక పందిట్లో అన్నదానం. అందరూ వడ్డిస్తున్నారు, నేను ఫోన్ పట్టుకుని తిరుగుతున్నాను. వరుసలో ఒక పెద్దావిడ వంతు వచ్చింది. పులిహోర విస్తట్లో పడుతుండగా "అమ్మా, ఒక్కసారి ఇటు చూడండి" అన్నాను. ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఒక్క మాట అనకుండా విస్తరి తీసుకుని పందిరి వెనక్కి వెళ్లిపోయింది. ఫోటో డిలీట్ చేశాను గానీ ఆ కొంగు మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఆకలితో వచ్చిన మనిషిని సిగ్గుపడేలా చేసింది ఎవరు? నేనే కదా!

ఆ సిగ్గునే చట్టంగా రాసుకున్న దేశం ఒకటుంది. ఇంగ్లండులో 1834లో పేదల చట్టం మార్చారు. సాయం కావాలా? అయితే వర్క్‌హౌస్‌లో చేరాలి. లోపలి బతుకు బయట ఉన్న అతి పేద కూలీ బతుకుకన్నా హీనంగా ఉండాలన్నది వాళ్ల సూత్రం. అప్పుడే ఎవరూ ఊరికే రారట! భర్త ఒక వైపు, భార్య ఒక వైపు, పిల్లలు ఇంకో వైపు. పాత తాళ్లు విప్పి నార పీకాలి, ఎముకలు దంచి పొడి చేయాలి. ఆండోవర్ అనే ఊళ్లో ఆకలికి తట్టుకోలేక ఆ ఎముకల్లో మిగిలిన మూలుగ తిన్నారని 1845లో బయటపడింది. మనల్ని ఇంత నవ్వించిన చార్లీ చాప్లిన్ కూడా ఏడేళ్ల వయసులో వర్క్‌హౌస్ గడప తొక్కినవాడే.

అదే ఆలోచన ఓడెక్కి మన దగ్గరకీ వచ్చింది. 1876-78లో ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు ప్రాంతాలు ఎండిపోయాయి. తేలిగ్గా సాయం ఇస్తే జనం సోమరులవుతారని పాలకుల భయం. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల కూలీ తగ్గించాడు. రోజంతా ఎండలో కష్టపడిన మగవాడికి సుమారు 450 గ్రాముల గింజలు, ఒక అణా. ఆడవాళ్లకు ఇంకా తక్కువ. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ పోట్లాడాక గానీ కొంచెం పెంచలేదు.

అదే కాలంలో గోదావరి పాయల మధ్య, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మగారు ఉన్నారు. 1841లో పుట్టిన తల్లి. ఏ వేళ తలుపు తట్టినా, ఎవరు తట్టినా అన్నం పెట్టేవారు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి పిలుపు వస్తే వెళ్లలేదని, ఫోటో తీయించుకోవడానికి కూడా బలవంతం మీదే ఒప్పుకున్నారని చెబుతారు. చూశారా? అన్నం పెట్టిన ఆవిడే ఫోటోకి సిగ్గుపడింది!

తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు దానం ఎలా చేయాలో చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వమంటాడు, సిగ్గుతో కూడా ఇవ్వమంటాడు. పుచ్చుకునేవాడు సిగ్గుపడాలని అనలేదండీ. ఇచ్చేవాడికే ఆ మాట. నాకు అర్థమైనంతలో దాని భావం ఇది: నేను ఇచ్చేది భగవంతుడు నా చేతిలో పెట్టింది, అందులోనూ కొంచెమే ఇస్తున్నాను. తోటి మనిషి చేయి చాచేదాకా నేను చూస్తూ కూర్చున్నాను. ఇక సిగ్గు ఎవరికుండాలి?

అయితే తెల్లవాళ్లను తిట్టి మనం చేతులు దులుపుకోకూడదు. మన సత్రాల్లోనూ కులం చూసి పంక్తులు వేరు చేసిన రోజులున్నాయి. ఆ అవమానం కూడా అన్నంతో పాటు విస్తట్లో వడ్డించిందే. ఇవాళ గోడలు కట్టక్కర్లేదు, స్టేటస్‌లో ఒక్క ఫోటో చాలు.

అందుకే ఒక చిన్న నియమం పెట్టుకుందాం. ఈసారి ఎవరికైనా అన్నం పెట్టేటప్పుడు ఫోన్ జేబులో ఉంచండి. వీలైతే వాళ్ల పక్కనే కూర్చుని మీరూ తినండి. "ఇంకొంచెం వేయనా అమ్మా?" అని అడగండి. ఊరూ పేరూ ఆరా తీయకండి.

మరుసటి ఏడు నేను గరిటె పట్టుకున్నాను. ఆవిడ కనిపిస్తే క్షమించమని అడుగుదామని చివరి పంక్తి దాకా చూశాను. రాలేదు.

మీ అందరికీ ఆ సీతారాముల రక్ష. జై శ్రీరామ్.