కనబడని పదను



మూసీ కృష్ణలో కలియు వాడపల్లి మన దామరచర్ల మండలములోనిదే. ఈ ప్రాంతమునకు వరికోత యంత్రములు వచ్చినను, కొడవలియో గొడ్డలియో కత్తిపీటయో లేని యిల్లు అరుదు. వాటిని చేయు కమ్మరి పనిలో ఒక ప్రశ్న యున్నది: కొనువాని కంటికి కనబడని పనిని సరిగా చేయుట మనము ఎవరికి బాకీ?

పాత లారీ కమానుపట్టీని కొలిమిలో కాల్చి, దాగలిపై సమ్మెటతో సాగగొట్టి, ఆకురాతితో రాచినయెడల కత్తి రూపము వచ్చును. అది యింకను కత్తి కాదు. సుమారు 800 డిగ్రీల వేడికి ఎర్రగా కాల్చి, నూనెలోనో నీటిలోనో ముంచవలెను. అప్పుడు ఉక్కు గట్టిపడును గాని గాజువలె పెళుసగును. కనుక మరల సన్నని సెగ చూపవలెను. 200 డిగ్రీలు దాటిన తరువాత లేత గడ్డిరంగు తేలును. 300 దగ్గర నీలమగును. పనిముట్టుకు తగిన రంగు రాగానే ఆపుదురు. ఈ రెండవ సెగ ఉక్కుకు ఓర్పు నిచ్చును. అయితే సానపట్టినప్పుడు ఆ రంగు చెరిగిపోవును. సెగ చూపిన కత్తియు చూపని కత్తియు సంతలో ఒక్కతీరుననే మెరయును.

నిజామాబాదు జిల్లా కోనసముద్రములో పూర్వము మట్టి మూసలలో ఉక్కు కరిగించెడివారు. దానికొరకు పారసీక దేశములోని ఇస్ఫహాను నుండి వర్తకుడు వచ్చెనని, 1832లో అచ్చయిన డాక్టరు వాయిసీ వ్రాత తెలుపుచున్నది. ధనవంతుడైన వర్తకుడు పనియొద్దకు వచ్చి పరీక్షించుకొనగలడు. కూలికి పోవు తల్లి కొడవలిని నమ్మి కొనును. అది కోతనాడు విరిగిన, ఆనాటి కూలి పోవును.

“కొనువారే చూచుకొనవలెను” అని కొందరందురు. చూచుటకు వీలు లేనిదానిని ఎట్లు చూచుకొందురు? గ్రుడ్డివాని త్రోవలో అడ్డము వేయరాదని లేవీయకాండము 19:14 బోధించుచున్నది. దాచిన లోపము అట్టి అడ్డమే. మనుష్యుల కంటికొరకు మాత్రమే పనిచేయవద్దని ఎఫెసీయులకు 6:6లో అపొస్తలుడు హెచ్చరించెను.

అయితే తప్పు కమ్మరిదే యనుకొనకుడి. సరకు బాగులేదని బేరమాడి కొని, పిమ్మట అతిశయపడువానిని గూర్చి సామెతలు 20:14 చెప్పుచున్నది. రెండవ సెగకు బొగ్గులు కావలెను, పొద్దు కావలెను. బొగ్గుల ఖర్చు కూడ మిగులకుండ ధర తగ్గించిన మనము, విరిగిన కత్తిలో పాలివారము కామా? కమ్మరియొద్దకు పోయినప్పుడు, “అయ్యా, సెగ బాగుగా చూపండి, దాని ఖర్చు ఇచ్చెదను” అని చెప్పుట క్రైస్తవ ధర్మము.

పాలు పోయువారును, గోడ కట్టువారును, లెక్క వ్రాయువారును ఈ మాట తలంచుకొందురు గాక. సానరాయి చెరిపిన రంగును దేవుడు ఎరుగును. ఆమేన్.