ముడినూనెతో కూడి వచ్చినవి



నోవహు తన ఓడకు కీలు పూసిన సంగతి మనమందరము ఎరుగుదుము. తారువంటి ఆ పదార్థమే కొయ్యను నీటినుండి కాచెను. మనము కొడవలికి, నాగటి కఱ్ఱుకు నూనె రాసి దాచుకొనుట కూడ తుప్పు పట్టకుండుటకే గదా? అట్లయిన ముడినూనె ప్రవహించు ఇనుప గొట్టములు లోలోపల ఏల క్షీణించిపోవుచున్నవి?

తినివేయునది నూనె కాదు, దానితో కూడి వచ్చినవి. ముడినూనె భూగర్భమునుండి ఉప్పునీటిని, గంధకమును, కొన్ని ఆమ్లములను వెంట తెచ్చుకొనును. ఆ ఉప్పులు నీటి ఆవిరితో కాగినపుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లము పుట్టును; అది చల్లబడి బొట్టుకట్టిన చోట ఇనుమును కొరుకును. అందుచేత నూనెను కాచక మునుపే నీటితో కడిగి ఉప్పు తీయుదురు. మన ట్రాక్టరు టాంకీలోను అడుగున చేరిన నీరే తుప్పుకు మూలము. దుక్కికి ముందు దానిని దించివేయుట మంచిది.

గంధకమనగానే మనకు సొదొమ జ్ఞాపకము వచ్చును. నూనెలోని గంధకము సుమారు 230 నుండి 430 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఇనుముతో కలిసి గొట్టపు గోడను పలుచన చేయును. క్రోమియము కలిసిన ఉక్కు చాలవరకు నిలుచును. మామూలు ఉక్కులో సిలికాను తక్కువైనచో నష్టము త్వరపడును.

అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమునందలి రిచ్మండు పట్టణమున, షెవ్రాన్ వారి నూనెశుద్ధి కర్మాగారములో 2012 ఆగష్టు 6న 8 అంగుళముల గొట్టమొకటి కారసాగెను. పని ఆపలేదు. కారుచున్న చోటు వెదకుచుండగా గొట్టము పగిలి, ఆవిరి 19 మంది పనివారిని కమ్మెను, పిమ్మట అంటుకొనెను. దేవుని కృపవలన అందరును బ్రదికిరి. గాని చుట్టుపట్ల జనులు సుమారు 15,000 మంది వైద్యము కొరకు పోవలసి వచ్చెను.

పగిలినచోట గోడ మందములో నూటికి 90 పాళ్లు అప్పటికే పోయెనని విచారణలో తేలెను. అయినను ఆ గొట్టపు వరుసలో ఏండ్ల తరబడి కొలతలు తీయుచునే యుండిరి! కొలిచిన ముక్కలలో సిలికాను ఎక్కువ, అవి బాగుగనే యుండెను. నడుమనున్న తక్కువ సిలికాను ముక్కను ఎవరును కొలువలేదు. కొలిచిన పనివారిని మేము నిందింపము. వారి కొలత అబద్ధము కాదు. ప్రతి ముక్కను పరీక్షింపవలెనని అక్కడి నిపుణులే పది సంవత్సరములుగా చెప్పుచు వచ్చిరి. 2011 మరమ్మతులలో దీనితో కూడిన 12 అంగుళముల భాగమును మార్చిరి, దీనిని విడిచిరి.