తువాలు పట్టిన చేతులు



క్రీస్తు ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టం మనకందరికీ తెలిసిందే. ప్రతి పవిత్ర గురువారం సాయంత్రం గుడిలో కళ్లారా చూస్తూనే ఉంటాం. అయితే యోహాను సువార్త 13వ అధ్యాయంలో ఒక మాటను మనం తరచూ దాటిపోతాం. తండ్రి సమస్తాన్నీ తన చేతుల్లో పెట్టాడని ఎరిగే ప్రభువు భోజనపు బల్ల దగ్గరనుంచి లేచాడట! సమస్తమూ ఉన్న ఆ చేతులు ఏం పట్టుకున్నాయి? ఒక తువాలు, ఒక నీళ్ల పళ్లెం. గత్యంతరం లేక చేసిన చాకిరీ కాదది. అధికారం పూర్తిగా ఉన్నవాడు ఎంచుకున్న పని.

ఇక పేతురు సంగతి చూడండి. నా పాదాలు నీవు కడగడానికి వీల్లేదని అడ్డుపడ్డాడు. సెమినరీలో ఉన్నప్పుడు దాన్ని వినయమనే అనుకునేవాణ్ణి. గురుపట్టాభిషేకం పొంది పాతికేళ్లు దాటిన తరువాత అలా అనిపించడం లేదు. తన ప్రభువు ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో పేతురు తానే నిర్ణయించబోయాడు. తగ్గి ఉన్నట్టు కనిపిస్తూనే పెత్తనం చేయవచ్చునన్నమాట!

నా సంగతే ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం నేనున్న విచారణలో క్రిస్మస్‌కు యువకులు పశువుల పాక కట్టారు. వెదురు, ఎండుగడ్డి, రంగుకాగితాల నక్షత్రం. రెండు రాత్రులు నిద్ర మానుకున్నారు. నాకు మాత్రం నచ్చలేదు. గొర్రెలు మరీ ఎక్కువయ్యాయి, మరియమాత స్వరూపం ఓ మూలకు పోయింది, ఎపిఫనీకి రావలసిన జ్ఞానులు అప్పుడే వచ్చేశారు! వాళ్లు ఇళ్లకు వెళ్లాక నేనొక్కణ్ణే కూర్చుని, అర్ధరాత్రి పూజ వేళకు అంతా సర్దేశాను. వాళ్లకు శ్రమ తప్పించానని తృప్తి కూడా పడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి ఏడాది పాక కట్టడానికి ఒక్కరూ రాలేదు. అడిగితే, “మీరైతే బాగా కడతారు గదా ఫాదర్” అన్నాడొకడు. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే ఎక్కువ నొచ్చుకున్నాను.

మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదని కాంట్ అనే జర్మన్ తత్త్వవేత్త చెప్పినదాన్ని మేము పరీక్షల కోసం వల్లెవేశాం. యజమాని కూలివాణ్ణి వాడుకోవడం గురించే అది అనుకున్నాను. సేవ చేసేవాడు కూడా ఎదుటివాణ్ణి వాడుకోగలడని ఆనాడు తట్టలేదు. అతడి అవసరంలో నా మంచితనం నాకు అందంగా కనబడుతుంది. అతడి అవసరం తీరిపోయిననాడు నాకు వెలితిగా ఉంటే, ఇన్నాళ్లూ నేను ఎవరికి సేవ చేసినట్టు? కోడలికి కష్టమెందుకని వంటగది అప్పగించని అత్తగారు, ఉద్యోగం చేస్తున్న కొడుకు జీతం తానే లెక్కపెట్టే తండ్రి, ఇరవై ఏళ్లుగా పండుగ జమాఖర్చులు ఇంకెవరికీ నేర్పని సంఘపెద్ద... వీరంతా నిజంగానే కష్టపడతారు. చిక్కంతా అక్కడే ఉంది.

అలాగని బాధ్యతలు వదిలేయాలా? బావివైపు పరుగెత్తే బిడ్డను చేయి పట్టి లాగవలసిందే. పాదాలు కడిగిన తరువాత కూడా ప్రభువు తాను బోధకుణ్ణి కానని అనలేదు. పదవిలో ఉండడం, తప్పుకోవడం అనే పైపనిని బట్టి కూడా దీన్ని తేల్చలేం. 2005 మార్చి 27న, ఈస్టరు పండుగనాడు, రెండవ జాన్ పాల్ పోపుగారు కిటికీ దగ్గరకు వచ్చి, మాట పెగలక, చేతితోనే దీవించి లోపలికి వెళ్లారు. జీవితమంతా మాటతో జనాన్ని కదిలించిన మనిషి తన నిస్సహాయతను లోకానికి దాచలేదు. మరో ఆరు రోజులకు కన్నుమూశారు. ఆయన తరువాత వచ్చిన పదహారవ బెనెడిక్ట్ పోపుగారు 2013 ఫిబ్రవరి 11న, ఈ బాధ్యత మోసే శక్తి తనలో తగ్గిపోయిందని చెప్పి, పదవి విడిచిపెడుతున్నట్టు ప్రకటించారు. ఒకరు చివరిదాకా ఉండిపోయారు, ఒకరు తప్పుకున్నారు. ఇద్దరూ తమ ఘనతను కాపాడుకోవాలని చూడలేదు. నాకు వారిద్దరిలో బెనెడిక్ట్ వారిది కష్టమైన దారి అనిపిస్తుంది. తరువాత దాదాపు పదేళ్లు, ఇంకొకరు నడిపిస్తుంటే చూస్తూ బ్రతికారు గదా!

పాక సంగతికి వస్తే, ఇప్పుడున్న విచారణలో స్వరూపాలు దాచే గది తాళంచెవి యువకులకే ఇచ్చేశాను. ఇక్కడా జ్ఞానులు ముందుగానే వస్తున్నారు. చేతులు ఊరుకోవు గనుక, వాళ్లు పాక కట్టే ఆ నాలుగు సాయంత్రాలూ నేను గుడిలో ఆ చివర పాపసంకీర్తనాలు వింటూ కూర్చుంటున్నాను.