ఓటు, ఒట్టు, అంతరాత్మ



2022 జూలైలో రాష్ట్రపతి ఎన్నిక జరుగుతున్న రోజులవి. అచ్చంపేటలో ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక కొందరు యువకులు దేవాలయ అరుగు మీద కూర్చొని వాదించుకుంటున్నారు. ఆదివాసీ మహిళ ద్రౌపది ముర్ము గారు గెలిస్తే మన నల్లమల చెంచులకు ఒరిగేదేమిటని ఒకరు, మనకు ఓటే లేని ఎన్నికతో మనకేం పని అని మరొకరు. చివరకు నన్ను తీర్పు చెప్పమన్నారు. "మీ ఓటు అందులో ఉంది నాయనా, మీకు తెలియకుండానే ఉంది" అన్నాను.

ఎలాగో చూడండి. రాష్ట్రపతిని మనం ఎన్నుకున్న పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు ఎన్నుకుంటారు. 2022లో తెలంగాణ శాసనసభ్యుని ఓటు విలువ 132. 1971 జనాభా లెక్కను శాసనసభ్యుల సంఖ్యతో, ఆ తర్వాత వెయ్యితో భాగించగా వచ్చిన అంకె అది. అంటే ఒక్కొక్క సభ్యుని వెనుక సగటున లక్షా ముప్పై రెండు వేలమంది నిలబడి ఉన్నారన్నమాట. ఇది ఓటర్ల లెక్క కాదు, జనం లెక్క. ఉయ్యాలలోని బిడ్డకూ, వలసపోయిన కూలికీ, పోలింగు నాడు ఇల్లు కదలనివానికీ ఆ లెక్కలో చోటుంది. ఓటు వేయనివాని తల లెక్కకు వస్తుంది, మాట మాత్రం రాదు.

ఆ ఎన్నికలో పార్టీ విప్ చెల్లదు. ఓటు రహస్యం. సభ్యునికి తోడుగా మిగిలేది అంతరాత్మ ఒక్కటే. 1969లో ఇద్దరు తెలుగువారు, నీలం సంజీవరెడ్డి గారు, వి.వి. గిరి గారు ఆ పదవికి పోటీపడ్డారు. సంజీవరెడ్డి గారు కాంగ్రెసు అధికార అభ్యర్థి. అయినా ప్రధాని ఇందిరాగాంధీ తమ సభ్యులను అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమన్నారు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కూడా లెక్కించాక గిరి గారు గెలిచారు. అది అంతరాత్మా, ఎత్తుగడా అన్న వాదన ఆనాడే లేచింది.

మరి అంతరాత్మను అవకాశం నుండి వేరుచేసి గుర్తించేదెలా? మనస్సాక్షి మనిషిలోని అతి రహస్యమైన గర్భగుడి అనీ, అక్కడ అతడు దేవునితో ఏకాంతంగా ఉంటాడనీ రెండవ వాటికన్ మహాసభ 1965లో బోధించింది. ఆ గుడిలో వినిపించే స్వరం సాధారణంగా మన చేత ఏదో ఒకటి వదిలిస్తుంది. పునీత తోమాసు మోర్ 1535లో తలనే వదులుకున్నారు. ఏమీ వదలమనకుండా లాభం మాత్రమే చూపే స్వరాన్ని కాస్త అనుమానించాలి.

ఇదంతా చెప్పడం సులువు. ఒక శాసనసభ ఎన్నికల ముందు మన విచారణలోని ఒక తల్లి మెట్ల దగ్గర అందరి ముందే నన్ను అడిగింది: "ఫాదర్, పైసలు తీసుకున్న, దేవుని మీద ఒట్టు పెట్టిన. ఇప్పుడు వేరేటోళ్లకు ఓటేస్తే పాపమైతదా?"

హేరోదు కథ చెప్పాను. తప్పుడు ఒట్టును నిలబెట్టుకోబోయి అతడు స్నాపక యోహాను తల తీయించాడు. చెడ్డ పనికి పెట్టిన ఒట్టు మనలను బంధించదు. ఒట్టు పెట్టడమే తప్పు, నిలబెట్టుకోవడం రెండవ తప్పు. "మరి పైసలు?" అంది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ తప్పుచేసిన చోట ఆ సొమ్ము పేదలకు చేరాలని పునీత తోమాసు అక్వీనాసు బోధ. అదే చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, "నాకంటే బీదోళ్లెవరు ఫాదర్?" అంది.

సెమినరీలో చదివిన తత్వశాస్త్రం ఆ క్షణాన అక్కరకు రాలేదు. ఆమె తప్పు తప్పే. కానీ పొయ్యి వెలగని ఇంటికి నోటు పట్టుకుపోయి, దేవుని పేరుతో ఒట్టు వేయించుకున్నవాని తప్పు అంతకంటే బరువైనది. ఆ బీదతనాన్ని చూస్తూ ఊరకున్న మనకూ అందులో పాలు లేదా?

2019లో యురేనియం తవ్వకాలు వద్దని మన నల్లమల ప్రజలు రోడ్డెక్కారు. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. అమ్ముడుపోని గొంతు హైదరాబాదు దాకా వినబడుతుంది.

కనుక, ప్రియులారా, నాయకుల అంతరాత్మ గురించి అడిగే ముందు మన ఇంట్లో అడుగుదాం. వాళ్ల 132లో మనమూ ఉన్నాం. మనం అమ్ముకున్న అంతరాత్మను వాళ్ల దగ్గర వెదికితే దొరుకుతుందా?