దాసోహపు గింజ ఏ చేనిది?



దాసోహ పంక్తిలో కూర్చున్న భక్తుని విస్తరిలోనికి అన్నము వచ్చునప్పుడు మనము రెండు విషయములు చూచుదుము. వండినవారు శుచిగా వండిరా, వడ్డించువారు భేదము లేక వడ్డించుచున్నారా అని. మూడవది ఒకటి గలదు. దానిని మన మఠములలో గాని, ఇండ్లలో గాని అడుగువారు అరుదు. ఆ గింజ ఏ చేనిలో పండినది? పండించిన తల్లి ఆ పూట తిన్నదా?

ఇట్టి ప్రశ్న నా బుద్ధికి పుట్టినది కాదు. ఆయ్దక్కి లక్కమ్మ మనకు నేర్పినది. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆమె భర్త మారయ్యకు కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. పేదయిల్లు, దాచుకొన్నచో మరునాటికి పనికివచ్చును. అయినను లక్కమ్మ ఆ అదనపు బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. జంగమార్చనకే యైనను, తన పాలు కాని గింజ ఆమెకు పనికిరాలేదు. ఈ కథను మనము ప్రవచనములలో ఎన్నోమారులు విన్నాము, చెప్పినాము. ఉగ్రాణపు తాళము తీయునప్పుడు మాత్రము జ్ఞాపకము రాదు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున మాదార చెన్నయ్య కథ చెప్పినాడు. చోళరాజు పళ్ళెరములను మాని శివుడు వెదకికొనిపోయి ఆరగించినది ఆ చెన్నయ్య యింటి అంబలి. ఆ యింటి అంబలి శివునికి ప్రీతియైనప్పుడు, ఆ యింటివారి చేను మన దాసోహమునకు ఏల దూరమైనదో ఆలోచింపవలెను.

ఝరాసంగమున కేతకీ సంగమేశ్వరుని దర్శించినవారు మనలో అనేకులు. జహీరాబాదు ప్రాంతపు ఊళ్ళు అవి. పూర్వము మెదకు జిల్లా, 2016 నుండి సంగారెడ్డి జిల్లా. బీదరు పొరుగుననే యున్నది. బసవేశ్వరుని కల్యాణము ఆ పైన. ఆ ఊళ్ళలో దళిత కుటుంబములకు ఎకరమో రెండెకరములో భూమి యున్నను, అది తరచుగా రాళ్ళు తేలిన ఎర్రనేల. దున్నుటకు ఎడ్లు లేవు, వేయుటకు పెంట లేదు. చేను బీడు పెట్టి, ఆ తల్లులు పరుల చేలలో కూలికి పోవుచుండిరి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. అది ఎందరి ఆకలినో తీర్చినది, దానిని నిందించుట పాపము. కాని బియ్యము ఎక్కడి నుండియో వచ్చుచుండగా, ఇంటి ప్రక్కనున్న జొన్న చేనిని పట్టించుకొనువారు తగ్గిరి.

ఆ 1983వ సంవత్సరముననే అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. ఊరూర మహిళా సంఘములు వెలసినవి; వానిలో ఎక్కువమంది దళిత స్త్రీలు. 1990ల నడుమ వారొక పని చేసిరి. బీడు దున్నుటకు, ఎరువునకు సంఘము నుండి అప్పు తీసికొనిరి. ఆ అప్పును రూకలతో కాక జొన్నలతో కొన్ని సంవత్సరములలో తీర్చిరి. ఆ జొన్నలు పట్టణమునకు పోలేదు. ఆ ఊరిలోనే నిలువయుండి, వానకాలమున పనులు లేక పస్తులుండు ఇండ్లకు బజారు ధరకంటె తక్కువకు అందినవి. పేదలెవరో నిర్ణయించుటకు ఏ అధికారియు రానక్కరలేకపోయెను. ఊరివారే నేలమీద ముగ్గుతో ఊరి పటము గీసి, ఇల్లిల్లు లెక్కించి, ఎక్కువ లేమిగల ఇంటికి ఎక్కువ పాలు కేటాయించిరి. చదువురాని స్త్రీలు చేసిన ఈ లెక్కను మన పెద్ద సంస్థల గుమాస్తాలు ఒక్కమారు చూచిన బాగుండును.

వారి చేనిలో ఒక్క పంట యుండదు. జొన్న, కంది, సజ్జ, కొర్ర, అనుము, పెసర కలిసియుండును. ఒకటి ఎండినను మరియొకటి నిలుచును. సంక్రాంతి పిదప ఆ విత్తనములను ఎడ్లబండ్లపై ఊరేగించుచు పాత పంటల జాతర చేయుదురు. 2008లో మాచునూరున తమ రేడియోను కూడ వారే నెలకొల్పుకొనిరి.

ఇక మన మాట. ఆషాఢమున ఒక బస్తా ఇచ్చి, కోతలకు బస్తాన్నర కొలిపించుకొనుటను మనవైపు నాగు అందురు. మా యింటనే అది జరిగెను. మా తాతగారి పద్దు పుస్తకములలో మాలమాదిగ వాడల పేర్లే ఎక్కువ. ఆ నాగు ధాన్యము నుండియే మా యింట శ్రావణమాసపు దాసోహము జరుగుచుండెను. పిల్లవాడనైన నేను విభూతి ధరించి, పుణ్యము చేయుచున్నానని తలచి, ఆ పంక్తిలో వడ్డించితిని. ఆ వాడనుండి వచ్చినవారు పంక్తి ముగియువరకు గోడ వెలుపల నిలిచియుండిరి. ఇప్పటికిని నిద్రపట్టని రాత్రులలో అది గుర్తునకు వచ్చును.

మఠముల పారుపత్యదారులు ఒక ఆక్షేపణ చెప్పుదురు. పట్టణపు సేటు ఒకేమారు నూరు బస్తాలు తోలును, అరువిచ్చును. చిన్నరైతు తెచ్చునది ఇరువది కిలోలు, అందులోను ఒకరి గింజ ఒకరి గింజవలె నుండదు అని. ఆక్షేపణ నిజమే. కాని ఆ తల్లికి అరువిచ్చు శక్తి లేదు కనుకనే కళ్ళములోనే అయినకాడికి అమ్ముకొని, ఆషాఢమున అదే జొన్నను హెచ్చు ధరకు కొనుచున్నది. మఠము ఊరిలోనికి పోయి, సంఘము ఒక్కచోట చేర్చిన ధాన్యమును కమీషను, తరుగు లేక బజారు ధరకు తూచి, అక్కడికక్కడ సొమ్ము చెల్లించినచో ఆ చిక్కు చాలవరకు తీరును. విత్తనమిచ్చినచో ఇచ్చిన కొలతనే తిరిగి తీసికొనవలెను. దీనిని దానమని రసీదు పుస్తకములో వ్రాయరాదు, ఇది కొనుగోలు. జొన్నరొట్టె మన యిండ్లకు క్రొత్తదియు కాదు.

యాసంగి జొన్న కోతలు శివరాత్రి దగ్గర పడుచుండగా వచ్చును. ఆ దినములలో ఉగ్రాణపు అయ్యగారు త్రాసును, ఖాళీ గోనెలను, చేతిలో రొక్కమును తీసికొని తమ మఠమునకు చేరువనున్న దళితవాడకు పోవలెనని నా విన్నపము. అమ్మినవారిని శివరాత్రి పంక్తికి పిలిచి, మొదటి వరుసలో కూర్చుండబెట్టి, ఆ జొన్నరొట్టెను వారికే ముందు వడ్డింతురు గాక.